హాజీ వెంట వచ్చిన మశూచి
యుగోస్లావియా 1972 : మనం నేర్చుకోవలసిన సంగతులు

మన ఇళ్లలో యాభై ఏళ్లు దాటిన పెద్దవారి జబ్బ మీదనో, ముంజేతి మీదనో ఒక మచ్చ కనిపిస్తుంది. కొందరికి ఒకటి, కొందరికి రెండు, ఇంకా పెద్దవారికి నాలుగు కూడా ఉంటాయి. పిల్లలు అడిగితే "అది చేచక్ టీకా బేటా" అని ఊరుకుంటారు. ఆ మచ్చ లేని తరం ఇప్పుడు మన మధ్య తిరుగుతోంది. వాళ్లకు ఆ జబ్బు పేరు కూడా సరిగా తెలియదు. తెలియకపోవడం అల్లా దయే. అయితే ఆ జబ్బు చుట్టూ నడిచిన చరిత్రను మాత్రం మరిచిపోకూడదు. ఎందుకంటే 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ పాత చరిత్రే కొత్త బట్టలు కట్టుకొని మన గుమ్మంలోకి వచ్చింది.

మా దాదీకి ఏడుగురు పిల్లలు. ఇద్దరిని చేచక్ తీసుకుపోయింది. ఆ సంగతి ఆమె ఎప్పుడో గాని చెప్పేది కాదు. చెప్పినప్పుడు మాత్రం చివర ఒక మాట అనేది: "టీకాల ఆయన ముందురోజే వచ్చాడు, నేనే తలుపు వేశాను." ఊళ్లో ఎవరో టీకా వేస్తే జ్వరం వచ్చి పిల్లలు పోతారని చెప్పారట. భయపడి పిల్లలను ధాన్యం గాదె వెనక దాచింది. నేను పుట్టేనాటికి ఆమె మారిపోయింది. టీకాల మనిషి వీధి మొగలోకి వస్తే చాలు, తనే ఎదురువెళ్లి పిలుచుకొని వచ్చి, ముందు తన మనవలను కూర్చోబెట్టి, తరువాత పక్కిళ్లవారిని కేకవేసేది.

వేసిన తలుపు, తీసిన తలుపు. ఈ రెంటి మధ్య ఉన్న తేడాయే ఈ వ్యాసం. దానికి ఉదాహరణగా మనకు చాలా దూరంలో, మార్షల్ టిటో ఏలిన యుగోస్లావియాలో, 1972లో జరిగిన ఒక ఉదంతాన్ని తీసుకుంటాను. అది హజ్ చేసి ఇల్లు చేరిన ఒక సాధారణ ముస్లింతో మొదలైంది గనుక మనకు మరీ దగ్గరిది.

ముందుగా జబ్బు సంగతి

మశూచిని మనవాళ్లు చేచక్ అన్నారు, ఇరుగుపొరుగువారు అమ్మవారు అన్నారు. ఎవరు ఏ పేరు పెట్టినా అది వైరస్ వల్ల వచ్చే జబ్బు. రోగి దగ్గరగా ఉండి మాట్లాడినా, దగ్గినా, అతని గుడ్డలు, పక్కబట్టలు ముట్టుకున్నా అంటుకునేది. లోపల చేరిన తరువాత సుమారు పన్నెండు రోజులు పైకి ఏమీ కనిపించదు. ఆ పైన జ్వరం, ఒళ్లునొప్పులు, తరువాత పొక్కులు. పెద్ద రకం మశూచి సోకిన వారిలో, టీకా లేకపోతే, పదిమందికి ముగ్గురు చనిపోయేవారు. బతికినవారికి ముఖం నిండా గుంటలు, కొందరికి చూపు పోవడం.

ఈ జబ్బుకు మూడు బలహీనతలు ఉన్నాయి. ఒకటి, అది మనుషులలో తప్ప జంతువులలో దాక్కోలేదు. రెండు, ఒకసారి వచ్చి తగ్గినవారికి సాధారణంగా మళ్లీ రాదు. మూడు, దానికి మంచి టీకా ఉంది. రోగిని కలిసిన తరువాత కూడా మూడు నాలుగు రోజులలోపు టీకా వేస్తే చాలామందిని కాపాడవచ్చు. అంచేత రోగి ఎవరు, అతను ఎవరెవరిని కలిశాడు అన్నది త్వరగా తెలిస్తే చాలు, దాన్ని చుట్టుముట్టి ఆర్పివేయవచ్చు. తెలియకపోతేనే ప్రమాదం. దీన్ని గుర్తుంచుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

బాగ్దాద్ దారి

మశూచి చరిత్రలో బాగ్దాద్‌కు గొప్ప స్థానమే ఉంది. పదో శతాబ్దం తొలి రోజులలో అక్కడి ఆస్పత్రికి పెద్ద వైద్యుడుగా పనిచేసిన అల్ రాజీ, మశూచి వేరు, పొంగు వేరు అని మొదటిసారిగా స్పష్టంగా విడదీసి గ్రంథం రాశాడు. లోకంలోని వైద్యులు శతాబ్దాల తరబడి దాన్ని చదువుకున్నారు.

ఇంకొక ముచ్చట ఉంది. ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ఆవు మశూచితో టీకా కనిపెట్టిన తరువాత, దాన్ని హిందూ దేశానికి ఓడలో నేరుగా పంపబోతే దారిలోనే మందు చచ్చిపోయేది. చివరకు అది వియన్నా నుంచి కాన్‌స్టాంటినోపిల్, అక్కడినుంచి బాగ్దాద్, బస్రా మీదుగా బొంబాయి చేరింది. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల ఒక పాపకు మన దేశంలోని తొలి టీకా పడింది. ఆ పాప చేతి నుంచి మరొకరి చేతికి, ఆ చేతి నుంచి ఇంకొకరి చేతికి, అలా మనుషుల గొలుసు మీద పూనా, సూరత్, హైదరాబాద్, మద్రాసులకు ప్రయాణించింది. అంటే మన గడ్డ మీదికి ప్రాణదానం బాగ్దాద్ దారినే వచ్చిందన్నమాట.

నూట డెబ్బై ఏళ్ల తరువాత అదే బాగ్దాద్ నుంచి జబ్బు బయలుదేరింది. దారికి పుణ్యమూ లేదు, పాపమూ లేదు. దాని మీద మందు వస్తుంది, మహమ్మారీ వస్తుంది.

హాజీ ఇల్లు చేరాడు

యుగోస్లావియాలోని కొసోవో ప్రాంతంలో అల్బేనియన్ భాష మాట్లాడే ముస్లింలు ఎక్కువ. జాకోవిత్సా అనే పట్టణానికి దగ్గరలోని ఒక పల్లె నుంచి ఒక ముస్లిం సోదరుడు హజ్‌కు వెళ్లాడు. ఆయన పేరు పుస్తకాలలో ఉంది. నేను ఇక్కడ రాయడం లేదు. ఎందుకో చివర మీకే అర్థమవుతుంది. ఆ సంవత్సరం బక్రీద్ జనవరి ఆఖరులో వచ్చింది. హజ్ ముగించుకొని, ఇరాక్‌లోని పవిత్ర స్థలాలను కూడా దర్శించి, ఆయన 1972 ఫిబ్రవరి 15న ఇల్లు చేరాడు.

అప్పటికి ఇరాక్‌లో మశూచి ఉంది. అంతకుముందే ఇరాన్‌లో చెలరేగింది. ఇరాన్ ప్రభుత్వం దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేయకుండా దాచిపెట్టింది. దేశానికి చెడ్డపేరు వస్తుందనీ, రాకపోకలు ఆగిపోతాయనీ భయం. దాచితే జబ్బు ఆగుతుందా? సరిహద్దు దాటి ఇరాక్‌కు, ఆ పైన సిరియాకు వెళ్లింది. అక్కడ జబ్బు ఉందని లోకానికి చాటి ఉంటే ఆ దారిన పోయే యాత్రికులు జాగ్రత్తపడేవారు. మన హాజీకి ఆ అవకాశమే లేకపోయింది. పోనీ ఆయన నిర్లక్ష్యం చేశాడా అంటే అదీ కాదు. బయలుదేరే ముందు టీకా వేయించుకునే వెళ్లాడు. ఆ టీకా పని చేయలేదు, అంతే.

ఇంటికి వచ్చిన మర్నాడు ఒళ్లు నలతగా ఉంది. దూర ప్రయాణం బడలిక అనుకున్నాడు. కొంచెం జ్వరం వచ్చి, తగ్గిపోయింది. హాజీ వచ్చాడంటే ఏ ముస్లిం పల్లెలోనైనా ఏం జరుగుతుందో మనకు ఒకరు చెప్పాలా? మన ఊళ్లలో అయితే స్టేషన్ నుంచే పూలదండలు. ఇంటి నిండా జనం. ఆలింగనాలు, ఒక్కొక్కరికి గుక్కెడు జమ్‌జమ్ నీళ్లు, ఒక ఖర్జూరం, "మా కోసం దుఆ చేశావా?" అన్న అడగడాలు. అక్కడా బంధువులు, స్నేహితులు చూడడానికి వచ్చారు. అభిమానంతో వచ్చినవారు జబ్బును తీసుకొని వెళ్లారు. మొత్తం పదకొండు మందికి ఆయన నుంచి సోకిందని తరువాత లెక్క తేలింది.

ఐదు వారాల చీకటి

మార్చి నెల మొదట్లో ఆ పదకొండు మంది మంచాన పడ్డారు. ఎవరికీ అనుమానం రాలేదు. రాకపోవడానికి కారణం ఉంది. యుగోస్లావియాలో అంతకుముందు మశూచి కనిపించింది 1930లో. నలభై రెండేళ్లు గడిచాయి. అప్పుడున్న డాక్టర్లలో చాలామంది దాన్ని పుస్తకంలో బొమ్మగా తప్ప మనిషి ఒంటి మీద చూసి ఎరుగరు.

అలా పడినవారిలో ముప్పై ఏళ్ల ఒక బడిపంతులు ఉన్నాడు. పై చదువుకు పేరు నమోదు చేయించుకుందామని జాకోవిత్సా పట్టణానికి వచ్చినవాడు. హాజీతో గాని, ఆయన చుట్టాలతో గాని ఇతనికి పరిచయం ఉన్నట్టు తెలియలేదు. బహుశా బజారులో పక్క నుంచి నడిచి ఉంటాడు. అతనికి సోకిన మశూచి మామూలుది కాదు. పొక్కులు లేవకుండా లోపల్లోపల నెత్తురు పోయే రకం. డాక్టర్లు పెన్సిలిన్ ఇచ్చారు. తగ్గలేదు. చాచక్ అనే ఊరి ఆస్పత్రికి, అక్కడినుంచి రాజధాని బెల్గ్రేడ్‌కు పంపారు. అక్కడ వైద్య విద్యార్థులను మంచం చుట్టూ నిలబెట్టి, "పెన్సిలిన్ పడక ఇలా అయింది, చూడండి" అని పాఠం చెప్పారు. ఆ మర్నాడే, మార్చి 10న, అతను చనిపోయాడు. పెన్సిలిన్ వల్లనే పోయాడనుకున్నారు. అయితే ఆ కొద్ది రోజులలోనే అతని నుంచి 38 మందికి సోకింది. వారిలో డాక్టర్లు, నర్సులు తొమ్మిదిమంది. ఆ 38 మందిలో ఎనిమిదిమంది చనిపోయారు.

జబ్బు మశూచి అని గుర్తించేసరికి మార్చి మూడో వారం దాటింది. హాజీ ఇల్లు చేరి ఐదు వారాలు. అప్పటికే రెండో విడత రోగులు వందకు పైగా తేలారు. ఒక్క మనిషి దగ్గర పట్టుకోవలసిన నిప్పు ఊళ్లకు ఊళ్లు దాటింది. ఇందులో ఒకరి దుర్మార్గం ఏమీ లేదు. ఒక ప్రభుత్వం దాచింది, వైద్యులు మరిచారు, మామూలు మనిషికి తెలియలేదు. ఈ మూడూ కలిస్తే చాలు.

తలుపులు మూసి, చేతులు చాచి

తెలిసిన తరువాత మాత్రం యుగోస్లావియా ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. కఠినమైన ఉత్తర్వులు వచ్చాయి. జబ్బు ఉన్న పల్లెల చుట్టూ కాపలా పెట్టారు. రోడ్ల మీద అడ్డుకట్టలు కట్టారు. సభలు, సమావేశాలు ఆపారు. రోగులను కలిసినవారిని, కలిసి ఉంటారన్న అనుమానం ఉన్నవారిని, సుమారు పదివేల మందిని, హోటళ్లను స్వాధీనం చేసుకొని వాటిలో ఉంచారు. చుట్టూ ముళ్లకంచెలు, సాయుధులైన కాపలా. ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి డాక్టర్ డొనాల్డ్ హెండర్సన్ మొదలైన నిపుణులు వచ్చి సాయపడ్డారు.

ఇక టీకాలు. దేశ జనాభా రెండు కోట్ల పైచిలుకు. వారిలో ఒక కోటి 80 లక్షల మందికి కొద్ది వారాలలో టీకాలు వేశారు. ఎండలో, వానలో ఊరూరా బారులు తీరి జనం చేతులు చాచారు. భయం జనాన్ని పరుగెత్తించింది. మంచిదే, ఈసారి టీకా దగ్గరికి పరుగెత్తించింది.

మే నెల మధ్యకు వచ్చేసరికి అంతా సద్దుమణిగింది. మొత్తం సోకినవారు 175 మంది. చనిపోయినవారు 35 మంది. దేశం దాటి వెళ్లింది ఒకే ఒక కేసు, పశ్చిమ జర్మనీలోని హానోవర్‌కు. అక్కడ దాన్ని వెంటనే గుర్తించారు గనుక మరొకరికి పాకలేదు. గమనించండి: అదే జబ్బు, అదే సంవత్సరం. తెలియనిచోట ఒకరి నుంచి 38 మందికి, తెలిసినచోట ఒక్కరితోనే ఆగిపోయింది.

యూరప్ అంతటా మశూచి పెద్దగా చెలరేగిన ఆఖరు సంఘటన అదే. 1982లో గొరాన్ మార్కోవిచ్ అనే దర్శకుడు ఈ ఉదంతం ఆధారంగా 'వరియోలా వెరా' అని ఒక సినిమా కూడా తీశాడు.

భయం ఎవరి మీద పడుతుంది?

ఇప్పుడు ఇంకొక ఉదంతం చెప్పి తీరాలి. పై దానికి పదేళ్ల ముందు, 1961 డిసెంబరులో, కరాచీ నుంచి తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌కు వచ్చింది. అప్పుడు కరాచీలో మశూచి ఉంది. ఆ పిల్లకు జబ్బు చేసింది, ఆస్పత్రిలో చనిపోయింది. అదేమిటో ఎవరూ పోల్చుకోలేదు. ఆమె మృతదేహాన్ని పరీక్షించిన డాక్టరుకు సోకి ఆయనా చనిపోయాడు. బ్రాడ్‌ఫర్డ్‌లో మొత్తం 14 మందికి వచ్చింది, ఆరుగురు పోయారు. నగరంలో లక్షల మంది టీకాలకు బారులు తీరారు.

బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల ఊరు. ఆ మిల్లులలో రాత్రి షిఫ్టులు చేసింది పాకిస్తానీ కూలీలు. మశూచి వార్త రాగానే ఊరివారి భయం వారి మీదికి మళ్లింది. ఎన్నో ఏళ్లుగా అక్కడే పనిచేస్తూ, కరాచీ ముఖం మళ్లీ చూడనివారిని కూడా జబ్బు మోసుకొచ్చినవారిలాగే చూశారు. దూషణలు, వెలివేతలు మొదలైనాయి. అప్పుడే బ్రిటిష్ పార్లమెంటులో వలస వచ్చేవారిని అరికట్టే బిల్లు నడుస్తోంది. మశూచి కబురు ఆ వాదనకు ఊతమైంది. 1962లోనే ఆ చట్టం వచ్చింది. చనిపోయిన తొమ్మిదేళ్ల పిల్ల చేసిన తప్పేమిటి? ఎవరూ అడగలేదు.

మహమ్మారి వచ్చినప్పుడు మనుషుల మనసులో రెండు ప్రశ్నలు లేస్తాయి. "దీన్ని ఎలా ఆపాలి?" అనేది ఒకటి. "దీన్ని తెచ్చిందెవడు?" అనేది రెండోది. మొదటిది కష్టమైన ప్రశ్న, జవాబుకు చదువు, ఓపిక, డబ్బు కావాలి. రెండోది సులువు, దానికి కోపం ఒక్కటి చాలు. చిక్కు ఏమిటంటే, రెండో ప్రశ్న గట్టిగా అరుస్తుంటే మొదటి ప్రశ్నకు జవాబు దొరకదు. నిందపడుతుందని తెలిసిన మనిషి జ్వరం వచ్చినా చెప్పడు. చెప్పనివాడిని వెతకడం ఏ ప్రభుత్వం వల్లా కాదు.

మన గడప దాకా

యుగోస్లావియాలో ఆరిపోయిన తరువాత మశూచి ఎక్కడ ఉండిపోయింది? ముఖ్యంగా మన దేశంలో, కొత్తగా ఏర్పడిన బంగ్లాదేశ్‌లో, ఆఫ్రికాలో కొన్ని చోట్ల. 1974లో బీహారు, ఉత్తరప్రదేశ్‌లలో మశూచి భయంకరంగా చెలరేగింది. దేశం మొత్తం మీద ఆ ఒక్క ఏడాదిలోనే లక్షా ఎనభై వేలకు పైగా కేసులు. జంషెడ్‌పూర్‌లో ఉక్కు కర్మాగారం పనులకు వచ్చిన కూలీలు జబ్బు తగిలి సొంత ఊళ్లకు రైలెక్కారు. ఆ రైళ్ల మీద అది వందల చోట్లకు పాకింది. అప్పుడు టాటానగర్ స్టేషన్‌లో టీకా లేనిదే రైలెక్కనివ్వకుండా కట్టడి చేశారు.

అప్పుడు జరిగిన పని మన దేశం తలెత్తుకొని చెప్పుకోదగ్గది. లక్షకు మించిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి తిరిగారు. మశూచి సోకిన పిల్లవాడి బొమ్మ ఉన్న కార్డు చేతబట్టుకొని "ఇలాంటి రోగిని ఎక్కడైనా చూశారా?" అని సంతలలో, బడులలో, గుడులలో, మసీదుల దగ్గర అడిగారు. చూపించినవారికి బహుమతి పెట్టారు. అది పెరిగి పెరిగి వెయ్యి రూపాయలైంది. ఆ రోజులలో వెయ్యి రూపాయలంటే చిన్న గుమాస్తాకు నెలల జీతం. ఇక్కడే తెలివి ఉంది. రోగిని చూపించినవారికి ఇనాము, రోగికి చికిత్స, చుట్టూ ఉన్నవారికి టీకా. దాచడానికి కారణం లేకుండా చేశారు. 1975 మే 24న అస్సాంలోని కరీంగంజ్ రైల్వే స్టేషన్‌లో, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక పేదరాలికి కనిపించినదే మన దేశంలో ఆఖరు కేసు. 1977లో సోమాలియాలోని మెర్కా పట్టణంలో అలీ మావ్ మాలిన్ అనే ఆస్పత్రి వంటవాడికి వచ్చింది లోకంలో సహజంగా సోకిన ఆఖరు మశూచి. సూది నొప్పికి భయపడి అతను టీకా తప్పించుకున్నవాడే. బతికి బయటపడ్డాడు. ముసలితనం వస్తున్న రోజులలో పోలియో చుక్కలకు ఒప్పుకోని తల్లుల దగ్గరకు వెళ్లి, తన కథే చెప్పి ఒప్పించేవాడు. ఆ పనిలో ఉండగానే 2013లో మలేరియాతో చనిపోయాడు. మశూచి లోకంలో లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య మహాసభ 1980 మే 8న ప్రకటించింది.

ఇక 2020. ఈ సంగతి రాయకుండా ఉండడం సులువు, రాయడమే ధర్మం. ఆ మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన సమావేశానికి మన జిల్లాల నుంచి కూడా ఎంతోమంది వెళ్లి వచ్చారు. మార్చి 30న, అక్కడికి వెళ్లి వచ్చినవారిలో ఆరుగురు కరోనాతో చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఆ రాత్రి నుంచి మన పేటలలో పరిస్థితి మీకందరికీ తెలుసు. కూరగాయల బండివాడు పేరు చెప్పడానికి జంకాడు. తలమీద టోపీ ఉంటే కిరాణాకొట్టు ముందు జనం పక్కకు జరిగారు. ఢిల్లీ వైపు ఎన్నడూ చూడనివారిని కూడా "నువ్వు వెళ్లొచ్చావా?" అని అడిగారు. బ్రాడ్‌ఫర్డ్ కథ యాభై ఎనిమిదేళ్ల తరువాత మన వీధిలో నడిచింది. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, ఆ సమావేశానికి వచ్చిన విదేశీయుల మీద పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అన్నది. న్యాయం ఆలస్యంగానైనా మాట్లాడింది.

కాని నాణానికి రెండో వైపు కూడా మనమే చూసుకోవాలి. వెళ్లి వచ్చినవారిలో కొందరు వెంటనే ముందుకు రాలేదు. నింద భయం, పోలీసు భయం, ఆస్పత్రికి తీసుకుపోతే శవాన్ని కూడా చూపించరన్న భయం. ఆ భయాలకు కారణం ఉంది, నిజమే. అయినా ఆ ఆలస్యంవల్ల ముందుగా నష్టపోయింది ఎవరు? వారి ఇంట్లోని ముసలి తల్లిదండ్రులు. జబ్బుకు మన బాధ అర్థం కాదు, మన ఆలస్యం మాత్రం అర్థమవుతుంది. ఇదే సమయంలో మన కుర్రవాళ్లు, సొంత బిడ్డలే దగ్గరకు రాని శవాలను, ఏ మతంవారివైనా సరే, వారి వారి పద్ధతి ప్రకారం సాగనంపారు. ఒక వీధిలో తలుపు మూశారు, ఇంకొక వీధిలో తలుపు తీశారు. రెండూ మనవాళ్లే.

పాత పాఠమే

ఈ విషయంలో మన ధర్మం మౌనంగా లేదు. ప్లేగు ఉన్న ఊరికి వెళ్లవద్దనీ, మీరున్న ఊళ్లోనే వస్తే అక్కడినుంచి పారిపోవద్దనీ ప్రవక్త ముహమ్మద్ (స) బోధించిన సంగతి మదర్సాకు వెళ్లిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. హజ్రత్ ఉమర్ (ర) సిరియాకు ప్రయాణమై సర్గ్ అనే చోటికి వచ్చేసరికి, ముందు ప్లేగు ఉందని కబురు అందింది. పెద్దలతో సంప్రదించి వెనుదిరగాలని నిశ్చయించారు. దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని సేనాని అబూ ఉబైదా (ర) అడిగారు. ఒక దైవనిర్ణయం నుంచి మరొక దైవనిర్ణయానికే వెళ్తున్నామని ఖలీఫా సమాధానం. ఎండిన లోయలో గాక పచ్చిక ఉన్న లోయలో ఒంటెలను మేపుకోవడం కూడా దైవనిర్ణయమే గదా అని పోలిక చెప్పారు. ఆ అమ్వాస్ ప్లేగు క్రీ.శ. 639 ప్రాంతంలో వేలాదిమందిని బలిగొన్నది. అబూ ఉబైదా (ర) కూడా అందులోనే కన్నుమూశారు. ఆయన మీద గాని, ఆ ఊరివారి మీద గాని ఎవరూ నిందవేయలేదు.

జాగ్రత్త పడడం ఈమాన్‌కు లోటు కాదు. జబ్బుపడడం పాపం కాదు. ఈ రెండు మాటలు కలిపి పట్టుకుంటే సగం మహమ్మారి అక్కడే ఆగిపోతుంది.

మన సొసైటీ కుటుంబాలకు నాలుగు మాటలు

పై చరిత్రంతా చదివి, బాగుంది అని సావనీరు మడిచి అలమరలో పెడితే ప్రయోజనం లేదు. అందుచేత ఆచరణకు వచ్చే సంగతులు కొన్ని మనవి చేస్తాను.

ఒకటి: హజ్‌కు, ఉమ్రాకు, ఉద్యోగం కోసం గల్ఫుకు వెళ్లేవారు చెప్పిన టీకాలు వేళకు వేయించుకోవాలి. మెదడువాపు టీకా, పోలియో చుక్కలు వగైరా కాగితం కోసం కాదు, ప్రాణం కోసం. డబ్బిచ్చి సర్టిఫికెట్టు కొనుక్కునేవాడు తన ఇంటికే మోసం చేస్తున్నాడు.

రెండు: దూరప్రాంతం నుంచి వచ్చినవారికి జ్వరం వస్తే బడలిక అని ఊరుకోకూడదు. డాక్టరు దగ్గరకు వెళ్లి ఎక్కడెక్కడ తిరిగి వచ్చారో ముందే చెప్పాలి. ఆ ఒక్క మాట యుగోస్లావియాలో ఐదు వారాలను ఐదు రోజులు చేసేది. హాజీని చూడడానికి నాలుగు రోజులు ఆగి వెళ్తే అభిమానం తగ్గిపోదు.

మూడు: రోగి పేరు బజారులో పెట్టకూడదు. ఆరోగ్య శాఖకు చెప్పాలి, వాట్సాప్‌లో కాదు. మన పేటలో ఎవరికైనా వచ్చిందంటే వారి ఇంటి ముందు గుంపు కూడడం గాక, గుమ్మంలో పాలు, బియ్యం, మందులు పెట్టి రావడం మన పని. ఇలాంటి పని సొసైటీ నెత్తిన వేసుకుంటే దాచుకోవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

నాలుగు: ఇంకొక కులంవారికో, మతంవారికో, ఊరివారికో ఇలాంటి నింద వచ్చినప్పుడు మనం నోరు మూసుకోకూడదు. మన మీద పడినప్పుడు ఎలా ఉంటుందో మనకు తెలుసు.

ఆ కొసోవో హాజీ పేరు నేనెందుకు రాయలేదో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. ఆయన జబ్బు నుంచి కోలుకున్నాడు. కాని లోకంలోని పుస్తకాలు ఆయనను ఆ జబ్బుతోనే గుర్తుపెట్టుకున్నాయి. హజ్ చేసి వచ్చిన మనిషిగా, టీకా వేయించుకొని బయలుదేరిన మనిషిగా, తెలియక తనవాళ్లను ఆలింగనం చేసుకున్న మనిషిగా మనమైనా గుర్తుపెట్టుకుందాం.

ఈసారి ఈద్‌కు పిల్లలు మీ చేతి మీద మచ్చ చూసి అడిగితే, "చేచక్ టీకా" అని ఊరుకోకండి. కూర్చోబెట్టి మొత్తం కథ చెప్పండి. మా దాదీ చేసిన పొరపాటు, తరువాత ఆమె దిద్దుకున్న తీరు, రెండూ చెప్పండి. తలుపు ఎప్పుడు మూయాలో, ఎవరికి తీయాలో వాళ్లకు తెలియాలి. మళ్లీ మహమ్మారి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. వచ్చినప్పుడు మాత్రం మన ఇళ్లలో ఏ తల్లీ, "నేనే తలుపు వేశాను" అని జీవితాంతం తలుచుకోవలసిన పని లేకుండా అల్లా మనకు బుద్ధిని, ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.